ఏడు సీట్ల బండి, వేములవాడ తొవ్వ

చూసిన ఊరి గురించి ఏదైనా రాయమన్నరు. నేను చూసిన ఊర్లు తక్కువ. గిర్నీ, ఇల్లు, మార్కండేయ గుడి, ఈ మూడింటి నడుమనే ముప్పై ఏండ్లు గడిచిపోయినయి. కాని పోయిన సంవత్సరం మా ఇంట్లో బండి కొనే మాట లేచి, ఆ వంకతోని తుల్జాపూర్, పండరిపూర్, వేములవాడ తిరిగి వచ్చినం. ఒక్కో ఊరికి ఒక్కో రకం బండి. ఊరి సంగతి, బండి సంగతి రెండూ కలిపి రాస్తున్న. మన పేఠల్లో ఇప్పుడు చాలా ఇండ్లల్లో ఇదే మాట నడుస్తున్నది కాబట్టి ఎవరికన్నా పనికి వస్తది.

సోలాపూర్‌లో మన పద్మశాలోళ్ళకు ముందు బండి అవసరమే ఉండేది కాదు. భోంగా మోగితే కాలినడకన గిర్నీకి పోవుడు, షిఫ్టు అయితే నడిచి వచ్చుడు. తర్వాత సైకిలు వచ్చింది. గిర్నీలు మూతపడి జనం సాంచాల కార్ఖానాలకు మళ్ళినంక, అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీ దాక పోవాలె కాబట్టి లూనా, ఆ తర్వాత స్కూటర్. ఇప్పుడు పిల్లలు ఏడు సీట్ల బండి అంటున్నరు. వాళ్ళ తప్పేం లేదు. మా ఇంట్లో పది మందిమి ఉన్నం. మా అమ్మ, నేను, నా భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడండ్లు, ముగ్గురు మనుమలు మనుమరాండ్లు. పెండ్లికో చావుకో తెలంగాణకు పోవాలంటే బస్సులో రెండు మూడు చోట్ల దిగి ఎక్కాలె. ఎనభై నాలుగేండ్ల మా అమ్మను బస్సు మెట్లు ఎక్కించుడంటే ఇద్దరు మనుషుల పని.

పెద్దోనికి నాలుగు సాంచాలు ఉన్నయి, టవల్లు నేస్తడు. చిన్నోడు స్కూలు యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కటింగ్ మాస్టర్. ఇద్దరూ కలిసి భిశీ వేసి రెండున్నర లక్షలు కూడబెట్టిన్రు. నా దగ్గర పీఎఫ్ పైసలు రెండు లక్షలు బ్యాంకులో ఉన్నయి. పింఛను నెలకు పద్నాలుగు వందల చిల్లర. ఆ రెండు లక్షలు నా భార్య మోకాళ్ళ ఆపరేషన్‌కని పెట్టినవి. బండి మాట లేచినప్పటి నుండి అందరి కండ్లు ఆ రెండు లక్షల మీద పడ్డయి. పెద్దోడు నోరు తెరిచి అడుగలేదు, కాని “ఇంకో రెండు లక్షలుంటే మంచి మోడల్ వస్తది బాపూ” అని మాట పారేసి టీ తాగుకుంట కూర్చుండెటోడు.

మొదలు తుల్జాపూర్ పోయింది బొలెరోలో. మా వియ్యంకుని తమ్మునిది. ఆయనకు అక్కల్‌కోట్ అవతల చెరకు తోట ఉన్నది, బురదలో రాళ్ళల్లో తిరుగుడే పని. అట్లాంటి పనికి బొలెరో లెక్క బండి లేదు. 2000 సంవత్సరం నుండి వస్తున్నది, ఏ పల్లెలోనైనా దాన్ని విప్పి బిగించే మేస్త్రీ దొరుకుతడు. డీజిల్ ఇంజను, కింద లారీకి ఉన్నట్టు ఇనుప చట్రం. కాని ఎక్కేటప్పుడే మా అమ్మ కాలు అందలేదు. ప్లాస్టిక్ స్టూల్ తెచ్చి వేసినం. ఆ స్టూల్ కూడా బండిలనే పెట్టుకొని పోయినం, తుల్జాపూర్‌లో దిగాలె కద. వెనుక రెండు సీట్లు పక్కకు తిరిగి ఎదురెదురుగ ఉంటయి. పిల్లలు మస్తు సంబరపడి అక్కడ కూర్చున్నరు. తుల్జాపూర్ ముందు ఘాట్ వస్తది, పెద్దదేం కాదు, నాలుగు మలుపులు. ఆ మలుపుల్లో పక్కకు కూర్చున్న పిల్లలు ఒకరి మీద ఒకరు పడుకుంట పోయిన్రు, మూడో మలుపుకు మా మనుమడు కక్కిండు. భవానీ అమ్మవారి గుడి మెట్లు దిగే ముందు వాని అంగీ కడుగుడే అయింది. కోజాగిరి పున్నమకు సోలాపూర్ నుండి లక్షల మంది ఇదే తొవ్వన నడిచి పోతరు. వయసులో నేను కూడా నడిచిన. నడిచినప్పుడు ఈ ఘాట్ ఎక్కిన సంగతే తెలియలేదు, బండిలో తెలిసింది.

పండరిపూర్ కిరాయి ఈకోలో. ఈకో మీద చిన్నోనికి ఆశ ఉండె. ధర తక్కువ, తలుపులు పక్కకు జారుతయి కాబట్టి మన ఇరుకు గల్లీల్లో గోడకు తాకవు, సీట్లు తీసేస్తే టవల్ల గాఠీలు పడతయి. ఇవన్నీ నిజమే. కాని దాని ఇంజను ముందు సీట్ల కిందనే ఉంటది. వైశాఖం ఎండలో పోయినం. సోలాపూర్ ఎండ మీకు చెప్పనక్కర లేదు. డ్రైవర్ పక్కన కూర్చున్న నాకు కింద కుంపటి, ముందు అద్దంలో నుండి సూర్యుడు. సైజింగ్ డిపార్ట్‌మెంట్లో పని చేసినోనికి వేడి కొత్త కాదు, అయినా మొహోళ్ వచ్చేసరికి దిగి చెట్టు కింద నిలబడ్డ. ఇంకో మాట. 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశం బండ్లను గోడకు గుద్ది చూసింది, అప్పటి ఈకోకు సున్నా చుక్కలు వచ్చినయి. ఆ తర్వాత ఎయిర్‌బ్యాగులు పెట్టిన్రు. కాని పెద్ద కోడలు ఫోనులో ఆ వీడియో చూపించినంక ఇంట్లో ఎవ్వరూ ఈకో పేరు ఎత్తలేదు. విఠోబా దర్శనం మాత్రం మంచిగ అయింది.

ఇప్పుడు అసలు ప్రయాణం. చిన్నోని కొడుకుకు పదకొండో నెల వచ్చింది, పుట్టు వెంట్రుకలు తీయించాలె. మా ఇంటి ఇలవేల్పు వేములవాడ రాజన్న. మా తాతల కాలం నుండి ఆడపిల్లకైనా మొగపిల్లగానికైనా మొదటి కత్తెర అక్కడనే. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రి జాతర రద్దీ కాకముందే పోదామనుకున్నం. సోలాపూర్ నుండి నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. పసుపు బోర్డు ఎర్టిగా డ్రైవర్‌తోని సహా కిరాయికి మాట్లాడినం. తెల్ల బోర్డు బండి తక్కువకు ఇస్తనని ఒకాయన వచ్చిండు గాని నేను వద్దన్న. సొంతానికి రిజిస్టర్ అయిన బండిని కిరాయికి తిప్పితే, ఏమన్నా అయిన రోజున ఇన్సూరెన్సోళ్ళు చేతులెత్తేస్తరు. రెండు వేలు మిగుల్చుకోబోయి అంత భయం నెత్తిన పెట్టుకునుడెందుకు?

ఏడు సీట్లంటే డ్రైవర్‌తోని ఏడు. ఇది చాలా మంది లెక్క పెట్టరు. ముందు డ్రైవర్ పక్కన మా అమ్మ. నడుమ నా భార్య, చిన్న కోడలు ఒళ్ళో పిలగాడు, తొమ్మిదేండ్ల పెద్ద మనుమరాలు. వెనుక నేను, చిన్నోడు. పెద్దోడు, పెద్ద కోడలు, వాళ్ళ చిన్న పిలగాడు ఇంటి దగ్గరనే ఉండిపోయిన్రు. సాంచాలు ఎట్లాగూ విడిచిపెట్టి రాలేడు. అంటే పది మంది ఇంటికి ఏడు సీట్ల బండి కొన్నా అందరం ఒక్కసారి ఎన్నడూ పోలేము. పోనీ తొమ్మిది సీట్లది కొందామా అంటే దాన్ని నిలబెట్టే జాగా మన గల్లీలో ఎక్కడిది?

పొద్దున నాలుగు గంటలకు బయలెల్లినం. ఇది పూనా నుండి మచిలీపట్నం దాక పోయే జాతీయ రహదారి, 65వ నెంబరు. ముందు 9 నెంబరు అనెటోళ్ళు. తెల్లవారే సరికి నల్దుర్గ్ కోట కనబడ్డది. బోరీ నది మీద కోటలోనే ఆనకట్ట కట్టి, దాని లోపల గదులు కట్టిన్రు, పానీ మహల్ అంటరు. వానకాలం నిండితే నర్, మాదీ అని రెండు ధారలు దూకుతయి. మా అమ్మ కోటను చూసి “ఇక్కడి నుండి నైజాం ముల్కు” అన్నది. నిజమే, ఆమె చిన్నప్పుడు సోలాపూర్ ఇంగ్లీషోళ్ళది, నల్దుర్గ్ నిజాముది. మన తాతలు మగ్గం విడిచి ఇటు వచ్చిందంటే ఒక సర్కారు నుండి ఇంకో సర్కారుకు వచ్చినట్టు. మా అమ్మ వచ్చింది 1950లో, తొమ్మిదేండ్ల పిల్ల, కాజీపేట దాక ఎడ్ల బండి, ఆ తర్వాత రైలు. ఇక్కడనే పెండ్లి, ఇక్కడనే నలభై ఏండ్లు బీడీలు చుట్టుడు. నడుమ రెండుసార్లో మూడుసార్లో పుట్టినూరు పోయి వచ్చింది, అది కూడా ముప్పై ఏండ్ల కింద.

ఉమర్గా దాటినంక కర్ణాటక వస్తది. హుమ్నాబాద్‌లో ఇడ్లీ తిన్నం. ఆ తర్వాత జహీరాబాద్, అంటే తెలంగాణ. అక్కడ మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉన్నది. కొత్త ట్రాక్టర్లు వరుసగ ఎక్కించిన లారీలు కనబడితే పిల్ల లెక్కపెట్టుకుంట కూర్చున్నది. మూడు రాష్ట్రాలు పొద్దున పది గంటల లోపలనే అయిపోయినయి. బోర్డుల మీద మరాఠీ పోయి కన్నడ, కన్నడ పోయి తెలుగు వచ్చింది. మా మనుమరాలు మరాఠీ బడిలో చదువుతది. తెలుగు అక్షరాలు నేను ఇంట్లో నేర్పిన. జహీరాబాద్‌లో దుకాణం పేర్లు కూడబలుక్కొని చదువుతుంటే డ్రైవర్‌కు కూడా నవ్వు వచ్చింది.

ఇక బండి సంగతి. వెనుక సీట్ల కూర్చున్నోడే బండికి అసలైన సాక్షి. కొనెటోడు ముందు సీట్ల కూర్చొని చూస్తడు, శోరూంలో పిలగాడు టీవీ తెర, కెమెరా చూపిస్తడు. నేను హుమ్నాబాద్ దాక మూడో వరుసలో కూర్చున్న. ఎర్టిగా మూడో వరుస చెడ్డదేం కాదు. నడుమ సీటు ముందుకు జరుపుకుంటే మోకాలికి జాగా దొరుకుతది. కాని సీటు కిందికి ఉంటది, మోకాళ్ళు పైకి లేస్తయి. గంట సేపు బాగనే ఉంటది, మూడో గంటకు తొడల కింద సీటు ఆనక మొత్తం బరువు నడుము మీద పడుతది. వెనుక అద్దాలు తెరుచుకోవు, అట్లనే బిగించి ఉంటయి. ఏసీ గాలి పైనుండి వస్తది గాని, ఏసీ బంద్ చేస్తే వెనుకోళ్ళు డబ్బాలో ఉన్నట్టే. హుమ్నాబాద్ తర్వాత మనుమరాలును వెనుకకు పంపి నేను నడుమకు వచ్చిన. ఆ పిల్ల కాలు చాపుకొని నిద్రపోయింది. మూడో వరుస పన్నెండేండ్ల లోపు పిల్లలదని అప్పుడే నాకు తేలిపోయింది.

సామాను సంగతి కూడా చెప్పాలె. మూడో వరుస లేపి ఉంచితే దాని వెనుక రెండు సంచులు పడతయి, అంతే. మాకు పిలగాని పాల డబ్బాలు, బట్టలు, మొక్కు సామాను, సర్వపిండి డబ్బా. మిగిలినవి కాళ్ళ కింద పెట్టుకున్నం. సీఎన్‌జీ ఎర్టిగా అయితే ఆ జాగా కూడా ఉండదు, గ్యాసు సిలిండర్ అక్కడనే కూర్చుంటది. మహారాష్ట్రలో సీఎన్‌జీకి రోడ్డు పన్ను తక్కువ, డీజిల్‌కు ఎక్కువ. రోజూ తిరిగెటోళ్ళకు సీఎన్‌జీ లాభమే. మాది నెలకు రెండుసార్లు బయటికి తీసే బండి, మాకు సామాను జాగానే ముఖ్యం.

సంగారెడ్డి దగ్గర పెద్ద రోడ్డు విడిచి నర్సాపూర్, తూప్రాన్, గజ్వేల్ మీద సిద్దిపేట పోయినం. హైదరాబాద్‌ల జొరబడలేదు, అది మంచిదయింది. సిద్దిపేట దాటినంక మా అమ్మ ముందుకు వంగి కూర్చున్నది. సిరిసిల్ల వచ్చేసరికి ఆమె కంటె ముందు నా చెవికే తెలిసింది. బండి అద్దం దించితే సాంచాల చప్పుడు. సోలాపూర్ చప్పుడే, ఏం తేడా లేదు. కళ్ళు మూసుకుంటే మా గల్లీలో ఉన్నట్టే. బతుకమ్మ చీరెలు 2017 నుండి సర్కారు ఇక్కడనే నేయించింది. ఆ పని ఉన్న నెలలు బాగుండెనని, తర్వాత నూలు అప్పులు మిగిలినయని కోడలు పుట్టింటోళ్ళు చెప్పిన్రు. చద్దర్లు, టవల్ల ధర ఎట్లున్నదని వాళ్ళు మమ్ములను అడిగిన్రు. రాత్రి వాళ్ళింట్లనే పండుకున్నం.

వేములవాడ సిరిసిల్లకు దగ్గరనే, పన్నెండు కిలోమీటర్లు ఉంటది. ధర్మగుండంలో స్నానం, తర్వాత కళ్యాణకట్ట. మేనమామ ఒళ్ళో పిలగాన్ని కూర్చోబెట్టి మొదటి కత్తెర వేసినం. ఏడ్చి ఏడ్చి గుండు అయినంక నవ్విండు. కోడె మొక్కు కట్టినం, మా అమ్మ నడువలేదు కాబట్టి నేను కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిరిగిన, ఆమె గట్టు మీద కూర్చొని దండం పెట్టింది. గుడి ఆవరణలనే దర్గా కూడ ఉన్నది, మొక్కుకున్నోళ్ళు అక్కడ కూడా దండం పెట్టుకొని పోతరు. మా పక్కింటి కన్నడ మాష్టరు ఒకసారి చెప్పిండు, వాళ్ళ ఆదికవి పంపడు ఈ వేములవాడ చాళుక్య రాజు కొలువులనే ఉండెనని. సోలాపూర్‌లో కన్నడపోళ్ళు, తెలుగోళ్ళు పక్కపక్కన ఉన్నది చాలదన్నట్టు వేయేండ్ల కింద కూడా ఇక్కడ పక్కపక్కననే ఉన్నరన్నమాట.

మొక్కు అయినంక మా అమ్మ తన ఊరు చూపించమన్నది. ఆ ఊరు మధ్య మానేరు నీళ్ళల్ల పోయింది. మాన్వాడ దగ్గర ఆనకట్ట కట్టి నీళ్ళు నింపినప్పుడు మునిగిన ఊళ్ళల్ల అదొకటి. ఆమెకు చెప్పినం, ఎన్నోసార్లు చెప్పినం. అయినా చూస్తనన్నది. కరీంనగర్ పోయే రోడ్డు మీద నీళ్ళ పక్కన బండి ఆపిచ్చినం. ఆమెకు దిగే ఓపిక లేదు. ముందు సీట్లనే కూర్చొని అద్దం దించమన్నది. ఎండ నీళ్ళ మీద పడి మెరుస్తున్నది, దూరంగ చేపలోళ్ళ తెప్ప ఒకటి.

“మా ఇంటి ముందు చింతచెట్టు ఉండె. దాని కిందనే మా నాయిన పడుగు చేసెటోడు,” అన్నది. కొంచెం సేపు ఆగి, “ఎటు దిక్కు ఉంటదిరా కొడుకా?” అని అడిగింది.

నాకేం తెలుసు? కోడలు తమ్ముడు చెయ్యి చాపి ఒక దిక్కు చూపించిండు. అదే నిజమో కాదో. ఆమె అటు చూసుకుంట పావుగంట కూర్చున్నది. ఎవ్వరూ తొందర పెట్టలేదు, కిరాయి డ్రైవర్ కూడా. నాకు మటుకు బండి ఎందుకు కొనాలె అన్న సవాలుకు జవాబు అక్కడనే దొరికింది. బస్సు ఆడ ఆగదు. ఎర్టిగా ముందు సీటు ఆమె నడుము ఎత్తుకు సరిగ్గ ఉన్నది, ఎక్కేటప్పుడు స్టూల్ వేసే పని పడలేదు, అద్దం ఆమె చేతితోనే దించుకున్నది. ముసలోళ్ళున్న ఇంట్ల బండి చూసేటప్పుడు ఇంజను కంటె ముందు సీటు ఎంత ఎత్తున ఉన్నదో చూడాలె. మరీ పైకి ఉంటే ఎక్కలేరు, మరీ కిందికి ఉంటే లేవలేరు.

తిరిగి వచ్చినంక ఇంట్ల లొల్లి మొదలైంది. చిన్నోనికి స్కార్పియో కావాలె. పెద్దోనికి ఎర్టిగా. ఇన్నోవా మాట అందరూ ఎత్తిన్రు గాని ధర విన్నంక ఎవ్వరూ మళ్ళీ ఎత్తలేదు. కియా కారెన్స్ మన తెలుగు గడ్డ మీద, పెనుకొండ దగ్గర తయారైతదని చిన్నోడు అన్నడు. మంచిదే, దాని ధర కూడ మన చేతికి అందేది కాదు. స్కార్పియో గురించి నేను ఒక్క మాట అడిగిన. “మీ నాయినమ్మను ఎవరు ఎత్తి కూర్చోబెడతరు?” వాడు ఊకున్నడు.

అప్పుడు రెనాల్ట్ ట్రైబర్ మాట పెద్ద కోడలు తెచ్చింది. ఆమె పన్నెండు చదివింది, ఏ కాగితమైనా పూర్తిగ చదివినంకనే మాట్లాడుతది. ట్రైబర్ నాలుగు మీటర్ల లోపల ఉంటది. మేము తిరిగిన కిరాయి ఎర్టిగా 4,395 మిల్లీమీటర్లు. అంటే దాదాపు పదహారు ఇంచుల తేడా. మాది పాత పేఠ, గల్లీ పన్నా పదకొండు అడుగులు, అందులో నాలా ఒక అడుగు, పక్కింటోళ్ళ హాతగాడీ మూడు అడుగులు. మలుపు దగ్గర కరెంటు కంబం. నేను గిర్నీ టేపు పట్టుకొని కొలిచిన. కిరాయి ఎర్టిగా ఆ మలుపులో ముందుకు వెనుకకు మూడుసార్లు అయినంకనే తిరిగింది. పదహారు ఇంచులు తక్కువైతే ఒక్కసారికే తిరుగుతది. బట్టకు పన్నా ఎట్లనో గల్లీలో బండికి పొడుగు అట్ల.

నాలుగు మీటర్ల సంగతి పన్నులో కూడా ఉన్నది. నాలుగు మీటర్ల లోపు, పెట్రోలు ఇంజను 1,200 సీసీ లోపు ఉన్న బండికి జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుండి 18 శాతం అయింది. ముందు 28 శాతం, పైన సెస్ ఉండె. డీజిల్‌కు అయితే 1,500 సీసీ దాక, అందుకే బొలెరోకు కూడా తగ్గింది. ఎర్టిగా పొడుగు ఎక్కువ, ఇంజను 1,462 సీసీ, కాబట్టి దానికి 40 శాతం. ముందు సెస్‌తో కలిపి 45 ఉండె, అది కూడా తగ్గినట్టే గాని అంత కాదు. అందుకే ఆ సంవత్సరం వానకాలంలో కొనకుండ ఆగుమన్న కోడలు మాట మాకు పైసలు మిగిల్చింది.

చుక్కల సంగతి కూడా ఆమెనే చెప్పింది. ట్రైబర్‌కు 2021లో నాలుగు చుక్కలు వచ్చినయి. ఎర్టిగాకు 2019లో మూడు, 2024లో మళ్ళీ పరీక్ష చేస్తే ఒకటే. “మామయ్యా, 2022 నుండి పరీక్ష కఠినం చేసిన్రు, కాబట్టి ఒకటిని నాలుగుతోని పోల్చద్దు, పాత పరీక్షలో మూడు, నాలుగు, అదే పోల్చాలె” అన్నది. న్యాయం మాట్లాడింది. శోరూంలో పిలగాడు ఇది చెప్పలేదు.

ట్రైబర్ లోపం ఏందంటే ఇంజను చిన్నది, 999 సీసీ. ఎర్టిగా ముందు అది పిల్ల ఎద్దు. శోరూం వాళ్ళు ఇరవై నిమిషాలు సాపు రోడ్డు మీద ఇద్దరిని కూర్చోబెట్టి తిప్పి చూపిస్తరు. అందులో ఏం తెలుస్తది? ఖాళీ సాంచా ఎవరైనా నడుపుతరు, బీము ఎక్కించి చూడాలె. మా చుట్టం ఒకాయన దగ్గర ట్రైబర్ ఉంటే, పెట్రోలు మేము పోసి, ఏడుగురం ఎక్కి మళ్ళీ తుల్జాపూర్ ఘాటే ఎక్కినం. పెద్దోడు నడిపిండు. మొదటి మలుపులోనే రెండో గేరుకు దిగింది. ఏసీ బంద్ చేస్తే మంచిగ లేచింది. లారీ వెనుక ఉన్నప్పుడు దాటేసి పోయే దమ్ము దానికి లేదు. పెద్దోనికి అది నచ్చలేదు. నేను అన్న, “లారీని దాటి ఎక్కడికి పోతవురా? గుడికే కద.” మూడో వరుస ఎర్టిగా కంటె ఇరుకు. కాని నడుమ వరుసకు, వెనుక వరుసకు ఏసీ గాలి వేరే వేరే వస్తది, వెనుక సీట్లు విప్పి ఇంట్ల పెట్టేయొచ్చు. విప్పితే టవల్ల గాఠీలు పడతయి. ఏడుగురు కూర్చుంటే మాత్రం సంచి పెట్టే జాగా కూడా సరిగ్గ లేదు, పైన క్యారియర్ పెట్టాలె. మారుతి, మహీంద్రా బండికి దొరికినట్టు దీనికి గల్లీ గల్లీలో మేస్త్రీ దొరుకడు, సామాను కూడా తొందరగ దొరుకదని చుట్టం చెప్పిండు. అది కూడా లెక్కలో వేసుకున్నం.

ఆఖరుకు ట్రైబరే. ఆన్‌రోడ్ ఎనిమిదిన్నర లక్షలు. భిశీ పైసలు రెండున్నర కట్టి, ఆరు లక్షల లోను. ఇక్కడ లెక్క చెప్తున్న, చూడండి. 9 శాతం వడ్డీతోని ఐదేండ్లకు నెల హప్తా 12,455 రూపాయలు, మొత్తం వడ్డీ లక్షా నలభై ఏడు వేలు. ఏడేండ్లకు పెట్టుకుంటే హప్తా 9,653కు తగ్గుతది, కాని వడ్డీ రెండు లక్షల పదివేలు దాటుతది. హప్తా తగ్గించి చూపించి ఎక్కువ ఏండ్లు అంటగట్టుడు శోరూంల అలవాటు. ఇద్దరు కొడుకులు సగం సగం కడుతమన్నరు, ఐదేండ్లకే పెట్టించిన. ఇంకా అక్కడ కాగితం మీద సీటు కవర్లు, పాలిషు, హ్యాండ్లింగ్ అని పద్దులు రాసిన్రు. హ్యాండ్లింగ్ కొట్టేయించినం. ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గరనే తీసుకోవాలన్న కాయిదా లేదు, బయట అడిగితే తక్కువకు దొరికింది.

నా రెండు లక్షలు ముట్టలేదు. పెద్దోడు రెండు రోజులు ముఖం ముడుచుకొని తిరిగిండు. మోకాళ్ళ డాక్టరు దగ్గరకు సంక్రాంతి అయినంక తీసుకపోవాలె, అదే బండిలో.

పిల్లల కోసం ఇంకో ఖర్చు పెట్టినం. ఒళ్ళో పిలగాన్ని పట్టుకొని కూర్చుంటే గట్టి బ్రేకు పడ్డప్పుడు ఎంత బలం ఉన్నోళ్ళ చేతులైనా ఆగవు. పద్నాలుగేండ్ల లోపు పిల్లలకు బెల్టు గాని పిల్లల సీటు గాని లేకుంటే వెయ్యి రూపాయల జరిమానా అని చట్టంలో కూడా ఉన్నది. గుండు పిలగానికి సీటు తెచ్చినం. వాడు దాంట్ల కూర్చోనని ఒక్కటే గోల. కోడలు బండి కదులక ముందు అందులో కూర్చోబెట్టి అటుకులు పెడుతున్నది, ఇప్పుడిప్పుడే అలవాటైతున్నడు.

గల్లీలో హాతగాడీ ఆయనతోని మాట్లాడినం. రాత్రి తొమ్మిది తర్వాత గాడీని గోడకు నిలబెడుతనన్నడు, బదులుగ ఆయన బిడ్డ కాన్పుకు పోయే రోజున బండి పంపాలె. ఒప్పుకున్నం. బండి వచ్చిన రోజు మార్కండేయ గుడి ముందు కొబ్బరికాయ కొట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తెచ్చినం. మా అమ్మను ముందు సీట్ల కూర్చోబెట్టి కన్నా చౌక్ దాక తిప్పిండు పెద్దోడు. దిగినంక ఆమె అడిగింది, వచ్చే మాఘంలో రాజన్న దగ్గరకు పోతమా అని. పోదామన్న. ఎవరెవరు ఎక్కడ కూర్చోవాలె, ఎవరు సాంచాల దగ్గర ఉండాలె అని లొల్లి అప్పటి నుండే నడుస్తున్నది.